పారశీకుల పద్ధతి, మందమర్రి సంబంధం

కొత్తగా నౌకరీ వచ్చిన రోజుల్లో నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. జమ్మికుంటలో చరిత్ర లెక్చరర్‌ని. పొద్దున చదివింది సాయంత్రానికల్లా ఎవరికో ఒకరికి చెప్పకపోతే అన్నం అరిగేది కాదు. పారశీకుల గురించి ప్రాచీన గ్రీకులు రాసిన చరిత్ర క్లాసులో చెబుతున్నాను. ఆ వారమే మందమర్రికి పిల్లను చూడడానికి పోయాం. పిల్ల తండ్రి బొగ్గుబాయిలో పనిచేసే మనిషి. మాటకు ముందు మీసం కదిలేది. పిల్ల నాకు ఎంత నచ్చిందంటే, చాయ్ గ్లాసు అందుకున్నానే గానీ తాగడం మరిచిపోయాను. మాటలు కుదిరాయి. మా దిక్కు సంబంధం ఖాయమైతే ఇరువైపుల పెద్దలూ కలిసి కల్లు తాగుతారు, తాగితే ఇక ఆ మాటకు తిరుగులేదు. తాగారు. అక్కడితో నేను నోరు మూసుకుంటే సరిపోయేది.

"మామా, గీ పద్ధతి పారశీకులకు గూడ ఉండెనట," అన్నాను.

"అట్లనా? జర చెప్పు బిడ్డా," అన్నాడు మామ ముచ్చటపడి.

"పెద్ద ముచ్చటేదన్న ఉంటే తాగి మాట్లాడుకుందురట. తెల్లారి నిషా దిగినంక మళ్ల మాట్లాడుదురట. అప్పుడు గూడ సరే అనుకుంటెనే ఖాయమట. గ్రీకులు రాసిండ్రు."

మామ గ్లాసు కింద పెట్టాడు. మీసం కదిలింది. "మంచి పద్ధతే. మనం గూడ రేపు పొద్దుగాల మాట్లాడుదం."

"నీ సదువు సల్లగుండ! పెండ్లి నీదా, పారశీకులదా?" అన్నాడు మా బాపు, బయటికి రాగానే. ఆ పూట అక్కడే మా చిన్నమ్మ ఇంట్లో ఆగిపోయాం. నాకు భయం పట్టుకుంది. నిషా దిగిన కండ్లతో చూస్తే నాలో ఏముంది? ప్రైవేటు కాలేజీ నౌకరీ, బక్క పానం, పైగా ఈ నోరు. ఆ పిల్ల ఇంకో ఇంటికి పోతుందన్న ఊహకే పక్క మీంచి లేచి తెల్లారేదాకా వాకిట్లో తిరిగాను. (ఈ పద్ధతి గురించి రాసిన గ్రీకాయన చాలా సంగతులు ఎవరో చెప్పగా విని రాసినవేనట. ఈ ఒక్కటి వినకపోతే ఆయనకేం పోయింది!)

పొద్దున పోయేసరికి మామ తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని కూర్చున్నాడు. అంత శుద్ధంగా ఉన్న మనిషిని చూస్తే ఇంకా భయమేసింది. "నిషా దిగింది. గిప్పుడు ఆలోచన చేస్తే..." అని ఆగాడు. "నిన్న తాగినోళ్లమే మాట్లాడుకున్నం. తాగని దాన్ని అడగనే లే," అని లోపలికి తిరిగి బిడ్డను పిలిచాడు.

ఆమె గడపలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. "నాకు గీయననే కావాలె బాపూ," అంది. "కుదిరిన పెండ్లిని సొంత నోటితోనే చెడగొట్టుకుంటుండు. గీ మనిషి నా దగ్గర ఏం దాస్తడు?"

ఇన్నేళ్లలో నిజంగానే ఏదీ దాచలేకపోయాను. క్లాసులో ఆ పాఠం వచ్చినప్పుడల్లా భయంతో వణికిన ఆ బక్క పిలగాడు గుర్తొస్తాడు. భుజం తట్టి "ఏం కాదు లేరా" అనాలనిపిస్తుంది. అంటే మాత్రం వింటాడా, వాడే ఏదో చెబుతూ ఉంటాడు.