ఉప్పుగాలిలో ఎర్ర సిలిండర్లు

కెనడా తూర్పు ఒడ్డున నోవా స్కోషియాలో ఉన్నన్నాళ్ళూ నేను సముద్రాన్ని చూసి సంతోషపడిన రోజు ఒక్కటీ గుర్తు లేదు. సముద్రమంటే నాకు మా ఆయన జాకెట్‌కి పట్టిన ఉప్పు, తలుపు దగ్గర విప్పిన బూట్లలోంచి వచ్చే చేపల వాసన, హీటర్ మీద వేసినా ఆరని సాక్స్. వైజాగ్‌లో పుట్టి పెరిగినదాన్ని, సముద్రం గురించి ఇలా మాట్లాడతానని ఎప్పుడూ అనుకోలేదు.

అప్పట్లో మేమున్న ఊళ్ళో ఎటు చూసినా స్టూడెంట్లే. బస్సెక్కితే వెనక సీట్లలోంచి గుంటూరు, వరంగల్, కర్నూలు కలిసి వినిపించేవి. కాలేజీలో సీట్లున్నాయి గానీ ఊళ్ళో ఇళ్ళు లేవు, ఉద్యోగాలు అసలే లేవు. కాఫీ షాపులో ఒక్క మనిషి కావాలంటే బయట పేవ్‌మెంట్ నిండా మనవాళ్ళే నిలబడేవారు. నేను స్టూడెంట్‌ని, మా ఆయన నా వెనక స్పౌజ్‌గా వచ్చిన మనిషి. "నా పుణ్యమా అని కెనడా చూశారు" అని మొదట్లో ఆటపట్టించేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన నవ్వడం మానేశాడు, నేనూ ఆ మాట అనడం మానేశాను.

ఇండియాలో ఆయన ఒక మందుల కంపెనీలో స్టోర్స్ ఇన్‌ఛార్జ్. సరుకు వచ్చింది వచ్చినట్టు, సీలు చెదరకుండా, దుమ్ము పడకుండా చూసుకోవడమే ఉద్యోగం. ఇక్కడ తిరిగి తిరిగి, చివరికి ఊరి బయట చేపల పడవలు ఆగే ఒక చిన్న హార్బర్‌లో పని దొరికింది. తాళ్ళు చుట్టడం, మంచు తోడటం, డీజిల్ పంపు దగ్గర నిలబడటం. వీటితోపాటు రేవు పొడుగునా స్తంభాలకి తగిలించి ఉన్న ఫైర్ సిలిండర్ల బాధ్యత కూడా.

మంటలార్పే ఆ ఎర్ర సిలిండర్లని మామూలుగా ఆఫీసు గోడ మీద చూస్తాం, చూసి మర్చిపోతాం. సముద్రం పక్కన బయట పెడితే వాటి బతుకు వేరు. పొద్దున లేస్తే ఉప్పు మంచు, మధ్యాహ్నం గాలి, చలికాలమంతా గడ్డకట్టి కరిగే తేమ. రంగు పొక్కులు లేస్తుంది, మీటరు అద్దం మసకబారుతుంది, అడుగున తుప్పు మొదలవుతుంది. అంతకుముందు ఏడాది టెస్టింగ్‌కి వచ్చినవాళ్ళు వాటిలో సగం పనికిరావని పక్కన పడేశారట.

హార్బర్ మేనేజర్ ఒక నెరిసిన జుట్టు ఆవిడ. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే సూటిగా ఉంటుంది. ఆవిడ చలికాలం ముందు మా ఆయనతో అంది. "ఈ చలికాలం వీటిని కాపాడు. వసంతంలో టెస్టింగ్‌కి ఇవి నిలబడితే నిన్ను పర్మనెంట్ చేయమని హార్బర్ కమిటీకి చెప్తాను. ఇక్కడే ఉండిపోవడానికి నీ పీఆర్‌కి కూడా హార్బర్ తరఫున సపోర్ట్ ఇస్తాం."

ఆ రోజు ఆయన ఇంటికొచ్చిన తీరు నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. జాకెట్ కూడా విప్పకుండా వంటగదిలోకి వచ్చి చెప్పాడు. నా చదువయ్యాక వర్క్ పర్మిట్ వస్తుంది, ఆ తర్వాత మా గతేమిటో ఎవరికీ తెలీదు. మాతో ఇల్లు పంచుకున్న స్టూడెంట్లందరూ అదే లెక్కలు వేసుకుంటూ కూర్చునేవారు. మాకు మాత్రం ఒక దారి కనిపించింది. ఆ దారికి అడ్డంగా వరసగా ఎర్ర సిలిండర్లు నిలబడి ఉన్నాయి.

ఇక ఆయన వాటిని పసిపిల్లల్లా చూసుకున్నాడు. ఒక్కోదాన్నీ తుడిచాడు, ఆరబెట్టాడు. తర్వాత మందమైన ప్లాస్టిక్ షీటు తెచ్చి, తలనుంచి అడుగుదాకా బిగించి చుట్టి, పైనా కిందా టేపు వేశాడు. గాలి కూడా చొరబడకుండా. ఫోటో పంపితే చూశాను, కొత్తగా షాపులోంచి దిగినట్టున్నాయి. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? మా అత్తగారి ఇంట్లో సోఫా షోరూం కవర్లోనే పాతబడింది. ఫ్రిజ్ తలుపు మీద స్టిక్కర్ పీకితే పాపం చేసినట్టు చూసేవారు. రిమోట్‌కి కవరు, కారు సీట్లకి కవరు, పెళ్ళికి ఇచ్చిన సూట్‌కేసుకి కవరు, ఆ కవరుకి ఇంకో గుడ్డ. మనకి వస్తువు మీద ప్రేమంటే దాన్ని చుట్టిపెట్టడమే.

చూసి చెప్పాల్సిన మేనేజర్ మోకాలి ఆపరేషన్ అని సెలవులో ఉంది. చలికాలంలో రేవు మీదికి వచ్చేవాళ్ళు కూడా తక్కువ. వచ్చినవాళ్ళు ఆ ప్లాస్టిక్‌ని చూసి, ఏదో కొత్త రూలేమో అనుకున్నారట.

మంచు కరగడం మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం మంటలు లేచాయి. చలికాలానికని ఒడ్డుకి ఎక్కించిన పడవలో ఒక ముసలాయన రిపేరు పని చేసుకుంటున్నాడు. చలికి లోపల చిన్న హీటర్ పెట్టుకుంటే, పక్కనున్న నూనె గుడ్డలు అంటుకున్నాయి. ఆయన దిగి దగ్గర్లోని స్తంభం దగ్గరికి పరిగెత్తాడు. చేతులకి లావుపాటి గ్లవ్స్. ప్లాస్టిక్ పట్టుకుని లాగితే సాగుతోంది గానీ చిరగడం లేదు. మా ఆయన కేక విని వచ్చి టేపుని గోళ్ళతో గీరాడు, తర్వాత పళ్ళతో కొరికాడు. తీరా ఊడి వచ్చాక లోపల్నుంచి నీళ్ళు కారాయి. బయటి గాలి చొరబడలేదు గానీ లోపలి తేమ కూడా బయటికి పోలేదు. చలికాలమంతా అక్కడే ఉండి సిలిండర్ అడుగుని తినేసింది, లాగాల్సిన పిన్నుని తుప్పుతో అతికించేసింది. ఇద్దరూ కలిసి లాగినా అది రాలేదు.

ఈలోగా ఇంకొకాయన తన ట్రక్కులో ఉన్న సిలిండర్ తెచ్చి మంటలార్పాడు. పడవ నిలిచింది, లోపలి గది మాత్రం నల్లగా మాడిపోయింది. ఆగలేక తడి గోనెతో మంటని కొట్టబోయిన ముసలాయనకి కుడిచెయ్యి కాలింది.

మా ఆయన ఇంటికొచ్చి ఇదంతా ముక్కలు ముక్కలుగా చెప్పాడు. పై పెదవి టేపు కోసుకుని వాచి ఉంది. నిజం చెప్తున్నాను, నాకు ముందు గుర్తొచ్చింది ముసలాయన చెయ్యి కాదు, మా పీఆర్. ఒళ్ళు మండిపోయింది.

"చుట్టేముందు ఎవర్నైనా ఒక్క మాట అడగొచ్చు కదండీ?"

"అడిగితే వీడికి పని రాదనుకుంటారు."

"ఇప్పుడేమనుకుంటున్నారు?"

 ఆయన అన్నం ముందు కూర్చుని, తినకుండానే లేచాడు. నేనూ బతిమాలలేదు. మర్నాడు నాకు పరీక్ష, సాయంత్రం నా పార్ట్‌టైం షిఫ్టు. కోపానికి కూడా ఓపిక కావాలి.

మేనేజర్ చేతికర్రతో వచ్చి అన్నిటి ప్లాస్టిక్కూ దగ్గరుండి విప్పించింది. తిట్టలేదట. ఒక సిలిండర్ని తలకిందులుగా పట్టుకుని తుప్పు చూపించి, ఎలా చేయాలో చెప్పిందట. మంచినీళ్ళతో కడిగి ఉప్పు పోగొట్టాలి, పూర్తిగా ఆరాక మైనం పూత రాయాలి. వేసే కవరు అడుగున తెరిచి ఉండాలి, గాలి ఆడాలి, మీటరు బయటికి కనిపించాలి, ఒక్క లాగుడుకి ఊడి రావాలి. ఇదంతా చెప్పాక అసలు సంగతి కూడా చెప్పింది. కమిటీ ఒప్పుకోలేదు. పడవలు నీళ్ళలోకి దిగేదాకా పని ఉంటుంది, ఆ తర్వాత వేరే చూసుకోవాలి.

"అప్పటిదాకా వీటిని నన్నే బాగుచేయనివ్వండి" అని అడిగాడట మా ఆయన.

అది విని నేను ఊరుకోలేదు. "పొమ్మన్నవాళ్ళకి ఇంకా ఈ ఊడిగం దేనికి?" అన్నాను. విన్నిపెగ్‌లో మాకు తెలిసినవాళ్ళున్నారు, అక్కడ ఏదో ఒక పని చూస్తామన్నారు. అటు ఫోన్లు చేసుకోవాల్సిన మనిషి సెలవురోజు కూడా పొద్దున్నే బ్రష్షూ మైనం డబ్బా, కవర్లు కుట్టే సూదీదారం పట్టుకుని హార్బర్‌కి పోయేవాడు. నాకు ఆయన మొహం చూస్తే చిరాకు, చూడకపోతే దిగులు.

ఆయన పనికి ఆఖరి వారంలో నా పరీక్షలైపోయాయి. ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేక టిఫిన్ బాక్స్ తీసుకుని హార్బర్‌కి వెళ్ళాను. గాలి ఎప్పటిలాగే మొహం మీద కొడుతోంది. స్తంభాల మీద కొత్త ఎర్ర కవర్లు, ముందు వైపు వెల్క్రో పట్టీతో. డీజిల్ పంపు దగ్గర మా ఆయన, ఎదురుగా ఆ ముసలాయన. కాలిన చేతికి ఇంకా కట్టు ఉంది.

"ఈ చేత్తోనే లాగి చూడండి" అంటున్నాడు మా ఆయన. "ఈ చేతికి రాకపోతే మళ్ళీ కుడతాను."

ముసలాయన కట్టులోంచి బయటికున్న రెండు వేళ్ళతో పట్టీ పట్టుకుని లాగాడు. కవరు ఒక్కసారిగా ఊడి కింద పడింది. పిన్ను కదిపి చూశాడు, సులువుగా కదిలింది. తలూపాడు. మా ఆయన నమ్మకం కుదరనట్టు పక్క స్తంభం దగ్గరికి కూడా తీసుకెళ్ళి లాగించాడు. అక్కడా వచ్చింది. ఆ పట్టీని సరిగ్గా ముసలాయన వేళ్ళకి అందేలా ఎన్నిసార్లు విప్పి కుట్టి ఉంటాడో నాకు అర్థమైంది. ఇన్ని వారాలుగా నేను దాన్ని ఊడిగం అన్నాను.

ముసలాయనకి కమిటీ సంగతి తెలిసినట్టు లేదు. నన్ను చూసి తలాడించి, మా ఆయన వైపు తిరిగి మామూలుగా అడిగాడు.

"వచ్చే చలికాలం కూడా వీటిని నువ్వే చూసుకుంటావు కదూ?"

మా ఆయన వంగి కింద పడిన కవరు తీసి, దులిపి, సిలిండర్‌కి తొడిగాడు. పట్టీ అంటించి రెండుసార్లు అరచేత్తో నొక్కాడు. తల ఎత్తకుండా పక్క స్తంభం వైపు నడిస్తే, "లేదండీ, ఆయనకి ఇదే ఆఖరి వారం" అని నేనే చెప్పాల్సి వచ్చింది.