మైకక్క ఎత్తిన చెయ్యి

ఆ వీధిలో కింద కొట్లు, పైన కాపురాలు. మందుల షాపు మీద లెక్కల మాస్టారుంటే, తాళాల కొట్టు మీద డాన్సు స్కూలు. పైన పిల్లలు గెంతినప్పుడల్లా కింద గోడకి వేలాడే తాళంచెవులు గలగలమంటాయి. ఆ పక్కనే ఆడవాళ్ల సెలూన్. దాన్ని నడిపే ఆవిడని వీధంతా మైకక్క అంటుంది. చేతికి మైకిచ్చినా పక్కన పెట్టేసి మాట్లాడే గొంతు ఆవిడది. పనిలో ఉన్నప్పుడు కత్తెరా నోరూ ఒకేసారి ఆడతాయి. ఏది ముందు ఆగుతుందో కుర్చీలో కూర్చున్నవాళ్లు చెప్పలేరు.

ఆ చుట్టుపక్కల ఎవరు ఏం కట్టాలన్నా చేతులెత్తి ఓటేసి అనుమతివ్వడానికి ఒక కమిటీ ఉంది. ఆ గొంతు చూసే వీధివాళ్లు ఆమెని అందులోకి ఎన్నుకున్నారు.

ఎప్పుడో మూతబడిన సినిమా హాలు స్థలాన్ని ఒక కంపెనీ కొన్నది. అక్కడ ఇరవై అంతస్తుల భవనం కడతామంది. నాలుగంతస్తులు దాటిన ఇల్లు లేని వీధి అది. వార్త పొక్కగానే మొట్టమొదట పరుగెత్తుకొచ్చింది మైకక్క సొంత చెల్లెలు. ఆమెకి హాలుకి ఎదురుగానే లాండ్రీ. చుట్టుపక్కల హోటళ్ల దుప్పట్లన్నీ ఆమె డాబా మీదే ఆరతాయి.

"అక్కా, అది లేచిందంటే నా డాబా మీద పొద్దుటెండ ఉండదు. ఎండ లేకపోతే నా కొట్టుకి తాళమే!"

"నేనుండగా ఎలా లేస్తుందే?" అంది మైకక్క. మొదటి మీటింగులో అదే మాట కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. జనం చప్పట్లతో మీటింగు గది మోతెక్కిపోయింది.

ఆ వారంలోనే ఒక పొద్దున, వీధి చివరి ఆసుపత్రిలో పనిచేసే నర్సు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది. తడి తలతో కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. మైకక్క జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి, మిగతావాళ్లని కూడా ఉష్ అంది. నర్సు లేచాక అడిగింది.

"ఇంటికెళ్లి హాయిగా పడుకోవచ్చుగా తల్లీ?"

"ఇల్లెక్కడ అక్కా! రైలెక్కి, దిగి బస్సెక్కి వెళ్లేసరికి మళ్లీ డ్యూటీకి బయల్దేరాలి. ఇక్కడ గది కోసం నేనెక్కని మెట్లు లేవు. ఆ సినిమా హాలు దగ్గర ఏదో కడతారటగా, అందులోనైనా దొరుకుతుందేమో చూడాలి."

కట్టనివ్వనని కంకణం కట్టుకున్నది తానేనని చెప్పలేక మైకక్క మళ్లీ కత్తెర అందుకుంది. అప్పటినుంచి కుర్చీ ఎక్కిన ప్రతివాళ్లనీ ఎక్కడుంటావని అడగడం మొదలుపెట్టింది. ఆ వీధిలో పని చేసేవాళ్లలో సగం మంది పొద్దుపోగానే ఎక్కడెక్కడికో వెళ్లిపోతున్నారు. బేకరీ ఆయన కూతురు కూడా పెళ్లయ్యాక ఊరి అవతలికి మారిపోయిందట. అక్కడే పుట్టి పెరిగిన మైకక్కకి అంతవరకూ ఆ సంగతే తట్టలేదు.

తర్వాతి మీటింగుకి కంపెనీ ఆర్కిటెక్టు రంగురంగుల బొమ్మలు పట్టుకొచ్చాడు. సన్నగా, మర్యాదగా ఉన్న మనిషి.

"బొమ్మలో ఎండ ఎప్పుడూ బాగానే కాస్తుంది బాబూ. అసలు ఎంత ఎత్తో మా కళ్లకి చూపించు," అంది మైకక్క.

అతను నొచ్చుకోలేదు. ఆదివారం పొద్దున్నే పెద్ద ఎర్ర బెలూనుకి తాడు కట్టి, భవనం రాబోయే ఎత్తు దాకా వదిలాడు. వీధంతా బయటికొచ్చి తలలు పైకెత్తి నిలబడింది. మైకక్క మాత్రం చెల్లెలి డాబా ఎక్కింది. తడి దుప్పట్ల మధ్య నుంచి చూస్తే బెలూను సరిగ్గా సూర్యుడొచ్చే దారిలోనే ఊగుతోంది.

"చూశావా?" అంది చెల్లెలు.

"చూశానే. నీకెంత పోతుందో ఇప్పుడు తెలిసింది." మైకక్క ఒక దుప్పటి అంచు సరిచేసింది. "అయినా నేను సరే అనేలా ఉన్నాను. రేపు పదిమందిలో విని తెలుసుకోకూడదని ముందే చెప్తున్నా."

చెల్లెలు ఆ దుప్పటి లాగేసుకుంది. "చెయ్యెత్తు చూద్దాం. ఆ తర్వాత నీకూ నాకూ మాటల్లేవు."

ఆ రాత్రి భోజనాల దగ్గర, ఎప్పుడో గాని నోరు విప్పని భర్త కూడా అడిగాడు. "ఇంతకీ చెయ్యెత్తుతావా, చేతులెత్తేస్తావా?"

"ఎత్తుతాను. కానీ ఊరికే ఎత్తను."

ఊరికే ఎత్తలేదు కూడా. మీటింగులో గుక్క తిప్పుకోకుండా బేరం పెట్టింది. లాండ్రీ వైపు అంతస్తులు తగ్గించి మెట్లుమెట్లుగా కట్టాలి. కింద కొట్లు వీధివాళ్లకే ఇవ్వాలి. కొన్ని అంతస్తులు ఇక్కడ పనిచేసేవాళ్లకి, వాళ్లు ఇచ్చుకోగలిగే అద్దెకే ఇవ్వాలి. మొదటి రెండిటికీ కంపెనీ మేనేజరు తలూపాడు. మూడోదానికి, "చూద్దామండీ," అన్నాడు.

"చూద్దామంటే ఈ చెయ్యి లేవదు. అనుమతిలోనే రాయించండి."

ఆర్కిటెక్టు అతని చెవిలో ఏదో చెప్పాడు. చివరికి రాయించారు.

వెనకనుంచి తాళాల ఆయన లేచాడు. "మాట మార్చావక్కా!"

"మార్చాను అన్నయ్యా. మీ అందరి ముందూ కట్టనివ్వనన్నాను, మీ అందరి ముందే కట్టమంటున్నాను. మన కొట్లలో పనిచేసేవాళ్లూ, మనకి సూది పొడిచేవాళ్లూ మన పక్కన ఉండకపోతే ఇది వీధి ఎలా అవుతుంది? నా మీద కోపముంటే వచ్చే ఎన్నికల్లో దింపెయ్యండి."

మిగతా సభ్యులు సగం అటూ సగం ఇటూ అయ్యారు. మైకక్క ఎత్తిన చేత్తో అనుమతి గట్టెక్కింది. ఆమె చెయ్యి దించి జనం వైపు చూసేసరికి చెల్లెలి కుర్చీ ఖాళీగా ఉంది.

చెల్లెలు అన్నంత పనీ చేసింది. పునాదులు తవ్వారు, గోడలు లేచాయి, అయినా ఎదురుపడితే తల తిప్పుకునేది. మైకక్క గొంతు మాత్రం ఎప్పటిలాగే మోగేది గాని, లాండ్రీ ముందుకొచ్చేసరికి అడుగు తడబడేది. ఒకరోజు మధ్యాహ్నం చెల్లెలే సెలూన్లోకొచ్చి, పలకరింపు లేకుండా కుర్చీలో కూర్చుంది. వెనక జుట్టు ఒకవైపు పొడుగు, ఒకవైపు పొట్టి.

"ఎవరే నరికింది ఇది?"

"నువ్వు కానివాళ్లు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతూనే చెల్లెలు, "నువ్వు చేసింది తప్పే అక్కా, ఇప్పటికీ అదే అంటాను," అంది.

"అను. రేపు మళ్లీ అడిగినా నేను చెయ్యెత్తుతాను. తల కదపకు."

చెల్లెలి కొట్టుకి తాళం పడలేదు గాని, బట్టలారబెట్టే మిషన్లు తెచ్చుకోక తప్పలేదు. దుప్పట్లకి ఎండ వాసన రావడం లేదని ఒక హోటలు ఆయన మానేశాడు కూడా. అది నష్టం కాదని మైకక్క ఎన్నడూ బుకాయించలేదు.

భవనం పూర్తయ్యేసరికి ఆ నర్సు ఇంకో ఆసుపత్రికి వెళ్లిపోయింది. మైకక్కకి కాస్త మనసు చివుక్కుమంది. కానీ ఆమె తర్వాత వచ్చిన నర్సు ఆరో అంతస్తులో దిగింది. డ్యూటీ అయ్యాక నడిచే ఇంటికి పోతుంది. తలంటుకోవడానికి వచ్చినా కుర్చీలో నిద్రపోదు సరికదా, మైకక్కతో సమానంగా మాట్లాడుతుంది. తర్వాతి ఎన్నికల్లో వీధివాళ్లు మైకక్కని దింపలేదు. తాళాల ఆయన మాత్రం తాను ఆమెకి ఓటు వెయ్యలేదని స్వయంగా వచ్చి చెప్పి మరీ వెళ్లాడు.

ఇప్పటికీ తేలికపాటి బట్టలు డాబా మీదే ఆరేస్తుంది చెల్లెలు. ఎండ కాస్త ఆలస్యంగా, ఆ మెట్లమెట్ల గోడ దాటుకుని వస్తుంది. అది రాగానే చెల్లెలు పిట్టగోడ మీంచి వంగి వీధి దద్దరిల్లేలా అరుస్తుంది. "అక్కా! నీ బిల్డింగు చుట్టూ తిరిగి ఇప్పటికి వచ్చాడే సూర్యుడు!"

"వచ్చాడుగా!" అంటుంది మైకక్క, కత్తెర ఆపకుండానే.