నీళ్లకు ఓర్చుకునే గడప

దారిలో ఏ ఇంటి వాకిలి కనిపించినా చిన్నక్క ఆగి, వేలి కణుపులతో దాని చెక్కను తట్టి చూస్తుంది. గట్టిగా మోగితే తల ఊపి కదులుతుంది. బోలుగా మోగితే లోపల చెదలు పడ్డట్టే. బస్సుకు ఆలస్యమవుతున్నా ఈ అలవాటు మానదు.

ఆమె పని కదిరిలో ఒక కలప షెడ్డులో. కోసిన వేపచెక్కలను వెలిగారం కలిపిన నీళ్ల తొట్టిలో నానబెట్టి, నీడలో ఆరబెడుతుంది. ఆ మందు లోపలికి దిగిన చెక్కను చెదపురుగు ముట్టదు. కొనడానికి వచ్చిన వాళ్లందరికీ ఆమె చెప్పే మాట ఒకటే: "నీళ్లు తగలనీయొద్దన్నా. తగిలితే మందంతా కరిగి బయటికొస్తాది."

పోయిన ఏడాది ఊళ్లో సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు, గడపతో సహా వాకిలంతా ఆ చెక్కతోనే చేయించింది. పాత ఇంటి గడపను చెదలు తినేశాయి. రోజూ కడిగి పసుపు పెట్టని తన చేతి దోషమేనని అత్త నల్లమ్మకు దిగులు. అందుకే కొత్త ఇంట్లో మొదటి రోజు నుంచే పొద్దున్నే బిందెడు నీళ్లతో గడప కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి మురిసిపోయేది.

ఒకరోజు షెడ్డులో ఒక రైతుకు ఎప్పుడూ చెప్పే మాటే చెబుతూ చిన్నక్క మధ్యలో ఆగిపోయింది.

"ఏమైందక్కా?"

"మా అత్త గ్యాపకమొచ్చిందన్నా."

ఇంటికి రాగానే చెప్పింది. "అత్తా, రేపట్నుంచి గడప కడగొద్దు. గుడ్డతో తుడువు."

"నువ్వు మొగం కడగకుండానే బొట్టు పెట్టుకుంటావేమ్మే?"

"నీళ్లకు మందు పోతాదత్తా. మళ్లీ చెదలు పడతాయి."

చెదలు అనగానే నల్లమ్మ ఒప్పుకుంది. మరునాడు బిందె పట్టుకుని గడప దాకా వచ్చి, నీళ్లను తులసి మొక్కకు పోసి వెళ్లిపోయింది. ఆ రోజు కాఫీ కూడా తాగలేదు.

షెడ్డులో కంచె గుంజలకు పట్టించే రాగి మందు ఉంది. ఒకసారి పట్టి ఆరిందంటే నీళ్లకు అంత తొందరగా పోదు. కాకపోతే చెక్క ఆకుపచ్చగా మారుతుంది. చిన్నక్క ఆ మందుతో ఒక గడప తయారు చేయించి, నెలపాటు ఆరబెట్టి, వడ్రంగి సుంకన్నను పిలిచింది.

"నిలబెట్టిన వాకిలికి కింది పళ్లు పీకమంటావు గదక్కా," అని నవ్వుతూనే పాతది తీసి కొత్తది బిగించడం మొదలుపెట్టాడు.

నల్లమ్మ వంగి చూసింది. "ఇదేందప్పా, రామచిలక మాదిరి ఉండాది."

"ఎగిరిపోకుండా మేకులు కొడతాలే అవ్వా."

మరునాడు పొద్దున నల్లమ్మ రెండు బిందెలు పోసింది. తడిసిన ఆకుపచ్చ మీద పసుపు, పూసిన పొద్దుతిరుగుడు చేనులా మెరిసింది. వీధి ఆడవాళ్లందరినీ పిలిచి చూపించింది. "ఇట్లాంటి గడప మీ ఇండ్లలో యాడన్నా ఉండాదా?"

అందరూ తొంగిచూసి వెళ్లేదాకా దారి దొరక్క, ఆ రోజు చిన్నక్క బస్సు తప్పిపోయింది.

ఇప్పటికీ ఆమె అదే షెడ్డులో పనిచేస్తోంది. ఇంట్లో గడప కడిగేది నల్లమ్మే.