తువ్వాల కింద సిద్ధాంతం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. సిద్ధాంతం దొరికితే పరిశోధన అయిపోయినట్టేనని. మనుషులు, సంతలు, గొర్రెలు ఇవన్నీ తర్వాత తీరిగ్గా నింపుకునే ఖాళీలు. 'పశువుల సంతల్లో వ్యాపార వ్యూహాలు' అని విషయం నమోదు చేయించుకుని రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో మూడు సిద్ధాంతాలు మార్చాను. ఒకటి పోటీ గురించి, ఒకటి వనరుల గురించి, మూడోది దేని గురించో నాకు చివరిదాకా అర్థం కాలేదు (దాన్ని వదలడానికే ఎక్కువ బాధపడ్డాను). చివరికి మా గైడుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "సోమవారానికి ఏదో ఒక సిద్ధాంతం తేల్చు నాయనా. లేదంటే ఇంకో గైడును చూసుకో" అన్నారు. మా విభాగంలో ఇంకో గైడు లేరు.

గ్రంథాలయానికి వెళ్లి ఉన్నవాటిలో పలచటి పుస్తకం తీశాను. అది లావాదేవీల ఖర్చు సిద్ధాంతం. దాని సారం ఏమిటంటే, లాభం కనపడితే మనిషి మాట తప్పుతాడు, కాబట్టి కాగితాలు, సాక్షులు, సంతకాలు కావాలి, వాటికి ఖర్చవుతుంది, ఆ ఖర్చు తగ్గించుకోవడమే వ్యాపారి వ్యూహం. చదివి చాలా సంతోషించాను. మనుషుల గురించి ఇంత చెడ్డగా రాశారంటే శాస్త్రీయంగానే ఉండి ఉంటుందనిపించింది. ఇక సంతకు పోయి, మాట తప్పేవాళ్లను ఒక నలుగురిని రాసుకుని రావడమే మిగిలింది.

పెబ్బేరు సంతలో మా మేనమామ గొర్రెల బేరాలు కుదిర్చేవాడు. ఆయన వెంట వెళ్లాను. అక్కడ ధర నోటితో చెప్పుకోరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు, లోపల వేళ్లు నొక్కుతూ బేరమాడుకుంటారు. పక్కనున్నవాడికి ఏమీ తెలియదు. పొద్దుటి నుంచి నేను ఫోనులో రికార్డు చేసిన ఆధారాల్లో గొర్రెల అరుపులు తప్ప ఏమీ లేవు. మధ్యాహ్నం దాటినా ఒక్కడంటే ఒక్కడు మాట తప్పలేదు. నాకు దిగులు పట్టుకుంది.

"మామా, వీళ్లు మోసం ఎప్పుడు చేస్తరే?" అని అడిగాను.

"జర ఆగు అల్లుడా, చాయ్ తాగొస్త" అని మామ వెళ్లిపోయాడు.

అప్పుడు నా ముందు పెద్దమందడి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన పొట్టేలుతో నిలబడి ఉన్నాడు. "పెద్దయ్యా, ఆ తువ్వాల కింద ఏం జేస్తరో నాకు గూడ జర చూపియ్యవా?" అన్నాను. ఆయన దాన్ని బేరంగానే తీసుకున్నాడు. తువ్వాల కప్పి నా వేళ్లు పట్టుకుని నొక్కాడు. పెద్దవాళ్లు చెయ్యి నొక్కితే మర్యాదకైనా మనమూ నొక్కాలి కదా, నొక్కాను. ఆయన కనుబొమలు ఎగరేశాడు. తలూపాను (మా ఇంట్లో పెద్దల ముందు తలూపడం ఒక్కటే నేర్పారు). ఆయన తువ్వాల తీసి భుజాన వేసుకుని పొట్టేలు పగ్గం నా చేతిలో పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు "బేరం తెగింది" అన్నారు. ధర వింటే, అది నా ఆ నెల ఫెలోషిప్పు దాదాపు మొత్తం.

"పెద్దయ్యా, నేను కొననీకి రాలే. చదువు కోసమని వచ్చిన."

"కొననీకి రానోనివి చెయ్యెందుకు పెడ్తివి బిడ్డా?"

ఇంతలో కల్వకుర్తి వ్యాపారి ఒకాయన వచ్చి పొట్టేలు వెన్ను తడిమి, "ఇంకో వెయ్యి ఎక్కువిస్త, నాకియ్యి" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన మాత్రం "తెగిపోయింది, ఈ పిలగానిది" అని చెప్పేశాడు.

"ఆయనకే ఇయ్యరాదే పెద్దయ్యా! నీకే లాభం గదా!"

"నీ పొట్టేల్ని నేనెట్ల అమ్ముత?" అన్నాడు ఆయన, నాకు ఒంట్లో బాగాలేదేమో అన్నట్టు చూస్తూ. నేనే అమ్ముకోవచ్చని నాకు తట్టేసరికి కల్వకుర్తి ఆయన ఇంకో పొట్టేలు దగ్గర తువ్వాల కప్పేశాడు (నా పరిశోధన వ్యాపార వ్యూహాల మీద).

అప్పుడన్నాను ఆ మాట. "తువ్వాల కింద కాగితం లేదు, సాక్షి లేడు. నేను ఒప్పుకున్ననని ఏముంది?"

చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు తిరిగారు. పెద్దాయనకు కోపం రాలేదు. "ఏం లేదు బిడ్డా. నీ చెయ్యి, నా చెయ్యి. గంతే" అని పగ్గం తిరిగి తీసుకోవడానికి చెయ్యి చాచాడు. అప్పటికే మామ చాయ్ గ్లాసుతో వచ్చి వెనక నిలబడి ఉన్నాడు. నన్ను పక్కకు పిలిచి, "ఇరవై ఏండ్ల సంది ఈ సంతల తువ్వాల కప్పుతున్న అల్లుడా. నువ్వు ఎన్కకు పోతే రేపటి సంది నా చేతిల ఎవ్వడు చెయ్యి పెట్టడు" అన్నాడు మెల్లగా. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. డబ్బు ఇచ్చేశాను. పెద్దాయన పొట్టేలు తల నిమిరి, "మంచిగ జూస్కో" అని వెళ్లిపోయాడు.

పొట్టేలూ నేనూ ఆటోలో వనపర్తి చేరాం. అమ్మ దానికి ఫెలోషిప్పు అని పేరు పెట్టింది. సోమవారం గైడుగారు, "సిద్ధాంతం దొరికిందా?" అని అడిగారు. "దొరికింది సార్. కానీ సంతలో పనిచెయ్యలేదు" అని జరిగిందంతా చెప్పాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు (భుజాలు మాత్రం కదులుతున్నాయి). తర్వాత ఇటు తిరిగి, "ఎక్కడ పనిచెయ్యలేదో అదే రాయి" అన్నారు.

ఇంకో ఏడాది సంతల వెంట తిరిగి రాశాను. ఐదో అధ్యాయంలో ఒక పట్టిక ఉంది. 'కుదిరిన బేరం నుంచి తప్పుకోవాలని చూసినవారు: ఒకరు.' మౌఖిక పరీక్షకు బయటి నుంచి వచ్చిన ఆచార్యులవారు దాని మీద వేలు పెట్టి, "మొత్తం మీద ఒక్కడేనా? ఎవరయ్యా అతను?" అన్నారు.

"చదువుకున్నవాడు సార్" అన్నాను. ఆయన "ఓహో" అని రాసుకున్నారు.

ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో కాలేజీ పిల్లలకు నేను చెప్పేది ఆ సిద్ధాంతమే. అవకాశవాదం, అంటే లాభం కోసం మాట తప్పడం, దగ్గరికి వచ్చేసరికి, సంతలో పగ్గం పట్టుకుని 'సాక్షి లేడు' అంటున్న ఆ పిలగాడు గుర్తొచ్చి కాసేపు పాఠం ఆగిపోతుంది. సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది. వాడి మీద నాకిప్పుడు కోపం లేదు. పాపం, అన్ని పుస్తకాలు చదివినవాడికి ఒక మనిషి చేతిలో చెయ్యి పెట్టడం అదే మొదటిసారి.