మిరియాల సారం ఎక్కి తూలిన మనిషి

ఆరేళ్లుగా ఒక మాట గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకే చెబుతున్నాను.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ప్రాజెక్టు మిరియాల్లోని పైపరిన్ మీద చేశాను. ఆ చదువు చివరికి సిద్దిపేటలో పసుపు, పైపరిన్ కలిపిన క్యాప్సూళ్లు అమ్మడానికి పనికొచ్చింది. పసుపు ఒంటికి సరిగా పట్టదు; పైపరిన్ పట్టిస్తుంది. ఒంట్లోకి వెళ్లిన మందును అరగదీసే కాలేయం చేయి పట్టుకుని ఆపుతుంది. అది ఏ మందు అన్నది మాత్రం చూసుకోదు.

కొండపాకలో మా చిన్నాయిన కల్లు గీసేవాడు. ఫిట్స్ వచ్చాక చెట్టెక్కడం మాని, దుకాణంలో కూర్చుని కల్లు పోసేవాడు. ఫిట్స్ గోళీలు మొదలైన నాటి నుంచి తను చుక్క ముట్టలేదు. మోకాళ్ల నొప్పులంటే నా క్యాప్సూళ్లు ఇచ్చాను, రోజుకు రెండు. గోళీల సంగతి నాకు తెలుసు. పైపరిన్‌తో ఆ మందు ఒంట్లో పేరుకుంటుందని, పేరుకుంటే మనిషి తాగినట్టు తూలుతాడని చదివాను. పరీక్షలో రాశాను కూడా. మార్కులు బాగానే వచ్చాయి.

మూడు వారాలకు చిన్నాయిన తూలడం మొదలైంది. మాట ముద్దయింది. కల్లు పోసే మనిషి తూలితే ఊరికి రక్తపరీక్ష అవసరమా?

చిన్నమ్మ నన్ను ఇంటికి పిలిచింది.

"సదువుకున్నోనివి, నువ్వు చెప్పు బిడ్డా. తాగుతుండా?"

"నేను తాగలేదే! ఈ పోరనికి ఎరుకే," అన్నాడు చిన్నాయిన.

"గోడ పట్టుకొని చెప్తున్నవ్, సిగ్గులేదా?"

ఇద్దరూ నా వైపు చూశారు.

"ఏమో చిన్నమ్మా, జర్ర తీసుకుంటుండేమో," అన్నాను.

నవ్వుతూ అన్నాను. ఎందుకన్నాను? వ్యాపారం పోతుందనా? లేక, తప్పు చేసిన ఎమ్మెస్సీ కంటే తాగిన చిన్నాయినను ఊరు తేలిగ్గా నమ్ముతుందనా?

కల్లు మానతానని చిన్నాయిన ఎల్లమ్మ ముందు కల్లే సాకగా ధార పోసి ఒట్టేశాడు. తాగనిదాన్ని మానడం అంత సులభమేమీ కాదని ఆయన ముఖం చూస్తే తెలిసింది. ఆ వారమే "మాల్ వస్తలేదు" అని నేను క్యాప్సూళ్లు ఆపేశాను. నెల తిరక్కముందే ఆయన నిటారుగా నడిచాడు. ఊరు ఎల్లమ్మ మహిమ అంది. నేనూ తలూపాను. దుకాణంలో మాత్రం ఆయన్ను ఎవరూ మళ్లీ కూర్చోనివ్వలేదు.

నిరుడు గుండెపోటుతో పోయాడు. నన్ను ఒక్కసారీ అడగలేదు. తెలిసే ఊరుకున్నాడా? ఈ ఆలోచన నాకు మరీ అనుకూలంగా ఉంది, అందుకే నమ్మను. చిన్నమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ "ఆఖరికి మారిండు" అని చెబుతుంది. నేను పక్కనే కూర్చుని వింటాను.

చిన్నాయిన తాగలేదు. ఆయన్ను తూలేలా చేసింది నేను. రాస్తే రెండే వాక్యాలు. ఊపిరి కాస్త కిందికి దిగింది. అంతకు మించి ఏమీ మారలేదు.