ఫ్లెక్సీ మీద మా గౌరి లేదు

"ఇకమీద నిన్ను అక్కా అనే పిలుస్తా" అని మా తమ్ముడు నాగప్ప ఒకప్పుడు గౌరికి మాటిచ్చినాడు. గౌరి మగపిల్లవాడిగా పుట్టి, ఆడమనిషిగా బతికిన మా తోబుట్టువు. ఈ రోజు ఎమ్మిగనూరులో ఆమె దినాలు జరిగినాయి. వాకిట్లో నాగప్ప కట్టించిన ఫ్లెక్సీ మీద మీసాలున్న పాత ఫోటో, ఆమె వదిలేసిన పాత పేరు ఉన్నాయి.

ఆదోని నుంచి మల్లెపూలు తెచ్చిన ఆమె స్నేహితురాళ్లు అది చూసి నన్నడిగినారు: "ఈడ పోయింది ఎవరో మగాయన గదప్పా, మా గౌరక్క ఇల్లు యాడ?"

"ఇదేనమ్మా," అన్నాను.

నాగప్పను నిలదీస్తే, "వాని అసలు పేరు అదే గదన్నా, ఊరోళ్లు నవ్వరా?" అన్నాడు.

ఊరోళ్లు తిని పోయినారు. ఏడ్చింది ఆ ఆడవాళ్లే. మీరు ఎవరిని తప్పుపడతారో చెప్పండి. నేను చచ్చేదాకా తప్పుపట్టేది నాగప్పనే.