చూపుకిచ్చిన పచ్చ చీర

మా షాపులో వాడే సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ వచ్చిందన్న వార్త చదివితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఏడాదికోసారి వస్తుంది ఆ వార్త. పైన రంగుకాగితాలు ఎగిరే బొమ్మ ఒకటి పెడతారు. కింద, ఇది కొత్తగా చేర్చాం, అది ఇంకా సులువు చేశాం, ఇక మీ వ్యాపారం పరుగో పరుగు అని ఊదరగొడతారు. ఒకప్పుడు ఆ వార్త కోసం నేనే కాచుక్కూచునేదాన్ని. పొద్దున్నే కాఫీ కలుపుకుని, పేపరు పక్కన పడేసి, అదే చదివేదాన్ని. ఇప్పుడది చూడగానే ఒక పచ్చ చీర గుర్తొస్తుంది. గ్లాసులో కాఫీ అలాగే చల్లారిపోతుంది.

మాది విజయవాడ వన్ టౌన్‌లో చేనేత చీరల షాపు. మంగళగిరిలో నేయించి తెచ్చుకుంటాం. నాన్న పెట్టిన షాపు. ఆయన పోయాక అన్నయ్య కౌంటర్లో కూర్చున్నాడు, సరుకూ కంప్యూటరూ నా నెత్తిన పడ్డాయి. కొనుగోళ్లు, అమ్మకాలు, స్టాకు అన్నీ ఒక్కచోట చూపించే సాఫ్ట్‌వేర్ కోసం వెతికితే ఇది దొరికింది. ఓపెన్ సోర్స్. అంటే రాసినవాళ్లు లోపలి రాతంతా అందరి ముందూ పరిచేశారు, ఎవరైనా తీసుకోవచ్చు, తమకి కావలసినట్టు మార్చుకోవచ్చు. "ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతావా?" అని అన్నయ్య వెక్కిరించాడు. నాకు ఫ్రీ అన్నదానికంటే మార్చుకోవచ్చన్నది నచ్చింది. మా షాపులో ఒక పద్ధతుంది మరి, అది ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు.

దాన్ని మేం చూపుకివ్వడం అంటాం. పెళ్లి కుదిరిన ఇంట్లో షాపుకి రాలేని పెద్దవాళ్లుంటారు. కాళ్లనొప్పుల అమ్మమ్మ, మంచం మీదున్న మేనత్త. వాళ్లు చూసి, చేత్తో తడిమి, ఊఁ అంటేగానీ ఆ ఇంట్లో చీర ఖాయం కాదు. అందుకని తెలిసినవాళ్లకి పది చీరలు మూట కట్టి ఇంటికి పంపుతాం. బిల్లుండదు, అడ్వాన్సుండదు. నచ్చినవి ఉంచుకుంటారు, మిగతావి పంపేస్తారు. ఆ చీరలు అమ్మినట్టూ కాదు, షాపులో ఉన్నట్టూ కాదు. దీనికి నాన్న పెట్టిన నియమం ఒకటుంది. చూపుకి చీరలు వెళ్లిన ఇంట్లో అనుకోనిది జరిగితే, వాళ్లంతట వాళ్లు పంపేదాకా మనం అడగకూడదు. "చావింటి గుమ్మంలో చెయ్యి చాపితే ఆ చెయ్యి మళ్లీ ఎవరూ పట్టుకోరు," అనేవాడు.

ఆ పద్ధతినీ, నాన్న నియమాన్నీ సాఫ్ట్‌వేర్‌లో చేర్చి నేనే కూర్చుని రాశాను. నాకు వచ్చిన కాస్త ప్రోగ్రామింగుతో, రాని చోట ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల ఫోరంలో అడిగి, తిట్లు తిని, నేర్చుకుని రాశాను. చూపుకి ఎవరింటికి ఏ చీర వెళ్లిందో ఒకచోట కనిపిస్తుంది. పక్కన చిన్న గడి. దానిమీద 'ఆగాలి' అని ఉంటుంది. అది నొక్కితే ఆ ఇంటి జోలికి ఎవరూ పోరు. రాసి ఊరుకోలేదు, ఫోరంలో అందరికీ ఇచ్చేశాను. ఎక్కడెక్కడి నగల షాపులవాళ్లో, కార్పెట్ల షాపులవాళ్లో వాడుకున్నారు. ఎంత పొంగిపోయానో చెప్పలేను. నాన్న మాట ఎవరో తెలియనివాళ్ల కంప్యూటర్లలో నడుస్తోందంటే పొంగనూ?

ఆ ఏడు కొత్త వెర్షన్ వార్త దసరా ముందొచ్చింది. అందులో ఉంది: 'ఇంటి దగ్గర చూసుకోవడానికి సరుకు పంపే సౌకర్యం, ఇప్పుడు మా సాఫ్ట్‌వేర్‌లోనే!' ఒక్క క్షణం సంతోషమేసింది. నాది తీసుకున్నారు, తీసుకోనీ, ఇచ్చిందే అందుకు. తర్వాత చిన్న అక్షరాలు చదివాను. సరుకు వెనక్కి రాకపోతే కస్టమరు ఫోన్‌కి సందేశాలు వాటంతటవే వెళ్తాయట. ఆ మీట ముందే ఆన్ చేసి ఇస్తారట. నా 'ఆగాలి' గడి లేదు. ఎక్కడికి పోయిందయ్యా అని ఫోరంలో అడిగితే, ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ ఉద్యోగి నవ్వుమొహం బొమ్మ పెట్టి మరీ జవాబిచ్చాడు: 'చాలా మంచి సూచన! కస్టమరును బట్టి సందేశాలు ఆపుకునే సౌకర్యం మా డబ్బు కట్టే ఎడిషన్‌లో ఉంది.' సూచనట! నేను ఊరికే వండి పెట్టిన అన్నంలోంచి కూర తీసి పక్కన పెట్టుకుని, అది కావాలంటే కొనుక్కో అంటున్నాడు. సిగ్గుండాలి.

సరే, ఆ వెర్షన్‌కి మారకుండా ఉంటే సరిపోతుంది కదా అనుకున్నాను. మా అన్నయ్య సంగతి మర్చిపోయాను. అన్నయ్యకి ఎవరో చెప్పారు, కొత్తది వేస్తే వెబ్‌సైట్లో కూడా చీరలు అమ్ముకోవచ్చని. కొత్తది ఎక్కించడానికి ఒక కన్సల్టెంటుని మాట్లాడేశాడు. విజయదశమినాడు విజయ ముహూర్తం పెట్టేశాడు.

"అన్నయ్యా, ఇలాంటివి వచ్చిన వెంటనే వెయ్యకూడదు. తప్పులుంటాయి, సరిచేసేదాకా ఆగాలి. పోనీ, వేరే కంప్యూటర్లో పదిరోజులు నడిపి చూద్దాం," అన్నాను.

"ముహూర్తానికి ముందే నడిపితే ఎంగిలి చేసినట్టు కాదూ?" అన్నాడు.

ఎంగిలి! సాఫ్ట్‌వేర్‌ని! నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చిన్న అక్షరాలు చదివి వినిపించాను. నాన్న మాట గుర్తుచేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "పండగపూట అపశకునం మాటలేంటే?" అని వదిన కూడా కసురుకుంది. విజయదశమినాడు కంప్యూటరుకి పసుపు పూసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. అన్నయ్య కొబ్బరికాయ కొట్టాడు. సరిగ్గా ముహూర్తానికి కన్సల్టెంటు మీట నొక్కాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను కొట్టలేదు.

"నేను రాసిందేదండీ?" అని అడిగాను.

"కంపెనీవాళ్లదే వచ్చేసిందిగా మేడం, రెండూ కొట్టుకుంటాయని మీ లెక్కలు దాన్లోకి మార్చి మీది తీసేశా," అన్నాడాయన, కొబ్బరిముక్క నములుతూ.

"మరి ఆ సందేశాలు ఆపండి."

"చూద్దాం మేడం. దీపావళి కానివ్వండి."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దలు.

అప్పటికి మా చీరలు చూపుకి వెళ్లిన ఇళ్లలో ఒక టీచరు గారిల్లు ఉంది. వన్ టౌన్‌లోనే, మా షాపు వెనకవీధి. ముస్లింలు. నాన్న ఉన్నప్పటినుంచీ ఆ ఇంట్లో ఏ శుభకార్యానికైనా చీరలు మావే. టీచరు గారి కూతురికి పెళ్లి కుదిరింది. టీచరు గారి తల్లికి ఒంట్లో బాగాలేదు, మంచం దిగడం లేదు. మనవరాలు అత్తారింటికి వెళ్లేనాడు కట్టుకునే చీర తనే ఎంచాలని ఆవిడ పట్టుబట్టింది. నేనే మూట కట్టి పంపాను.

దసరా అయిన కొద్దిరోజులకే ఆవిడ పోయింది. మూడోరోజు నేను పలకరించడానికి వెళ్లాను. ముందుగదిలో ఆడవాళ్లంతా చాపల మీద కూర్చుని ఉన్నారు. టీచరు గారు నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మీ చీరలన్నీ మంచం మీద పరిపించుకుందమ్మా మా అమ్మ. ఒక్కోటీ తడిమి చూసింది. ఆ చిలకపచ్చది, జరీ అంచుది, తీసి దిండు పక్కన పెట్టుకుంది. ఇది పిల్లకి, ఎవరూ ముట్టుకోవద్దంది. పోయేదాకా ఆ చీర మీదే ఉంది చెయ్యి," అన్నారు. ఏడుస్తూనే కాస్త నవ్వారు కూడా.

అప్పుడే ఆవిడ ఫోన్ టింగుమంది. చూశారు. మొహం ఒక్కసారిగా మారిపోయింది. ఫోన్ నా చేతికిచ్చారు. మా షాపు పేరు, మా షాపు బొమ్మ. 'గడువు దాటింది. మా వస్తువులు వెంటనే తిరిగి ఇవ్వగలరు.'

భూమి చీలితే బాగుండు, అందులోకి పోదును అనిపించింది. "ఇది మేం పంపింది కాదు టీచరు గారూ, కంప్యూటరు దానంతటదే పంపింది, మీ కాళ్లు పట్టుకుంటాను," అన్నాను. "ఫర్వాలేదమ్మా, కంప్యూటరుకేం తెలుసు," అన్నారు. లోపలినుంచి నాకు టీ తెప్పించారు. తిడితే బాగుండేది. ఆ టీ ఎలా మింగానో నాకే తెలీదు.

షాపుకొచ్చి అన్నయ్య మీద విరుచుకుపడ్డాను. కస్టమర్లున్నారని కూడా చూడలేదు. "చావింటికి నోటీసు పంపావు! నాన్న ఫొటోకి దండెందుకురా, తీసి అవతల పారెయ్!" అన్నాను. అన్నయ్యని ఏరా అన్నది పుట్టి బుద్ధెరిగాక అదొక్కసారే. అన్నయ్య తెల్లబోయి కన్సల్టెంటుకి ఫోన్ చేశాడు. ఆ మహానుభావుడు కంకిపాడులో ఇంకో షాపులో ఉన్నాడట, రేపొచ్చి ఆపేస్తానన్నాడు. నేనే ఆపుదామని కూర్చుంటే, ఆ మీటలున్న పేజీ తాళాలు ఆయన దగ్గరే ఉన్నాయి. నా షాపులో, నేను పెంచిన సాఫ్ట్‌వేర్‌లో, నాకు ప్రవేశం లేదు. మర్నాడు నేను మంగళగిరి వెళ్లక తప్పలేదు, మగ్గం మీంచి చీరలు దింపుకునే రోజు. పొద్దున్నే ఆ ఇంటికి రెండో సందేశం వెళ్లింది.

అది టీచరు గారి తమ్ముడి కంట పడింది. ఆయన అసలే తల్లిపోయిన బాధలో ఉన్నాడు. ఇంట్లో ఉన్న మా చీరలన్నీ, దిండు పక్కదానితో సహా, మూటగట్టి తెచ్చి కౌంటర్ మీద పడేసి వెళ్లిపోయాడట. అన్నయ్య అప్పుడు షాపులో లేడు. షాపులో పనిచేసే అమ్మాయి పద్ధతి ప్రకారం ఒక్కో చీరా స్కాన్ చేసింది. కంప్యూటరు అన్నిటినీ అమ్మకానికి సిద్ధం అని చూపించింది. మధ్యాహ్నం ఉయ్యూరు నుంచంటూ ఒకావిడ వచ్చింది. బస్సు టైమైపోతోందని తొందరపెట్టి, పచ్చది నచ్చి, నగదు చేతిలో పెట్టి తీసుకుపోయింది. ఫోన్ నంబరు అడిగితే ఎందుకమ్మా అందట. నేను సాయంత్రం వచ్చేసరికి ఇంత జరిగింది. తర్వాత ఉయ్యూరులో తెలిసిన ప్రతివాళ్లనీ అడిగించాను. ఆవిడెవరో ఆ దేవుడికే తెలియాలి. కన్సల్టెంటు వచ్చి గడువు సందేశాలు మాత్రం ఆపి వెళ్లాడు.

వారం తిరక్కుండా పెళ్లికూతురు షాపుకొచ్చింది. ఒక్కతే. కౌంటర్ దగ్గర నిలబడి మెల్లగా అడిగింది.

"ఆంటీ, ఆ పచ్చ చీర తీసి ఉంచారా? మా నానీ దిండు పక్కన నాకోసమే పెట్టింది. మామయ్య కోపంలో తెచ్చేశాడు. అదొక్కటీ ఇచ్చెయ్యండి."

అమ్ముడుపోయిందని అన్నయ్యే చెప్పాడు, తలొంచుకుని. ఆ పిల్ల అలా నిలబడి ఉండగానే చేతిలో ఫోన్ టింగుమంది. వాళ్లమ్మ ఫోనే తెచ్చుకుంది. 'వస్తువులు తిరిగి ఇచ్చినందుకు ధన్యవాదాలు! మా సేవకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?' ఆ పిల్ల నాకు చూపించి వెళ్లిపోయింది. ఆ క్షణంలో ఆ కంప్యూటర్ని దండతో సహా ఎత్తి రోడ్డు మీదికి విసిరికొట్టాలనిపించింది. విసరలేదు, ఆ రోజే కన్సల్టెంటు దగ్గర తాళాలు తీసుకుని మళ్లీ మా గడప తొక్కొద్దన్నాను, పాత వెర్షన్ మళ్లీ ఎక్కించాను.

జరిగిందంతా ఫోరంలో రాశాను. నా బతుకులో అంత కోపంగా ఇంగ్లీషు ఎప్పుడూ రాయలేదు. నవ్వుమొహం ఉద్యోగి జవాబిచ్చాడు: మా సౌకర్యం అనుకున్నట్టే పనిచేసింది, ఇందులో తప్పేమీ లేదు అని. ఇచ్చి, ఆ చర్చ మూసేశాడు. నిజమే నాయనా, అది అనుకున్నట్టే పనిచేసింది. అనుకున్నవాళ్లలో ఒక్కడైనా చావింట్లో కూర్చున్నవాడు లేడు, అంతే.

తర్వాత మంగళగిరి వెళ్లి, ఆ చీర నేసిన మనిషినే పట్టుకుని, అదే పచ్చ, అదే జరీ, అదే అంచు మళ్లీ నేయించాను. పక్కపక్కన పెడితే నేసినవాడికే తేడా తెలియదు. పెళ్లికి ముందు నేనే తీసుకెళ్లాను, అన్నయ్య కూడా వెంట వచ్చాడు, వద్దన్నా వినకుండా. టీచరు గారు మమ్మల్ని కూర్చోబెట్టారు. చీర ఒళ్లో పెట్టుకుని, మడత విప్పి, కూతుర్ని పిలిచి చూపించారు. ఆ పిల్ల అంచు మీద చెయ్యి వేసి తీసేసింది.

"చాలా బాగుందమ్మా. అచ్చం అదే," అన్నారు టీచరు గారు. "కానీ మా అమ్మ చెయ్యి పడలేదు కదా దీనిమీద."

నాకు ఏడుపాగలేదు. "మీరు ఉంచుకోండి టీచరు గారూ, డబ్బు మాటెత్తకండి," అన్నాడు అన్నయ్య.

ఆవిడ చీరని పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి, తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

"మీరు చూపుకి తెచ్చారనుకుంటానమ్మా," అన్నారు. "చూశాం. తీసుకెళ్లండి."